పదకొండు నిమిషాల పొగ

కొవెలో
1958 జూన్ 9, సోమవారం

లియోటా,

ఈ రోజు రాయడానికి కారణం, నిన్నటితో హేజెల్ పుల్లల లెక్క తేలింది. ఈ వసంతంలో ఊట గట్టు మీద కోసినవి మూడు వందల పన్నెండు. వాటిలో బుట్టకు పనికొచ్చే తిన్ననివి ఏడు. పసిబిడ్డను కట్టుకునే బుట్ట ఒకటి అల్లాలంటే నూట అరవై కావాలి. ఏడాదికి ఏడు చొప్పున ఇరవై మూడేళ్ళు పడుతుంది. నాకిప్పుడు డెబ్బై ఒకటి. నా కుడిచేతి బొటనవేలు అంతకాలం పనిచేసేటట్టు లేదు.

ఈ ఇంట్లో పదకొండు మంది పిల్లలు హేజెల్ బుట్టలో పెరిగారు. నువ్వు పదో దానివి. పన్నెండోది, మీ అన్న వెస్లీ కూతురు, ఏప్రిల్ నుంచి ఆపిల్ పెట్టెలో పడుకుంటోంది. పొరుగింటి ఆర్లో చూసి, "ఏం ఎల్వీనా, మీ వైలాకీ తెగవాళ్ళు పిల్లల్ని బజారుకి పంపుతున్నారా ఏంటి?" అన్నాడు. "మీ యూకీ వాళ్ళకి పిల్లకీ ఆపిల్‌కీ తేడా తెలుసన్నమాట, సంతోషం" అన్నాను. పెట్టె మాత్రం పెట్టెలాగే ఉంది.

పుల్ల వంకర పోవడానికి కారణం నీకు తెలుసు. హేజెల్‌ను కాల్చాలి. కాలిన మోడు నుంచి వచ్చే చిగురే కొమ్మలు వేయకుండా తిన్నగా లేస్తుంది. మా అమ్మ చెప్పగా నేను రాసిన పుస్తకంలో ఊట గట్టు కాల్చిన సంవత్సరాలన్నీ ఉన్నాయి. ఆఖరిది 1930. అడవిలో నిప్పు పెట్టడం నేరమని అప్పుడు మీ తాతను పది రోజులు జైల్లో పెట్టారు. అక్కడ చిక్కుడు గింజలు సరిగా ఉడకలేదని ఆయన చివరిదాకా చెప్పేవాడు.

ఈ శరదృతువులో మొదటి వాన పడ్డాక ఆ పావు ఎకరం నేను కాలుస్తాను. ఏ రోజు, ఏ గంటకో ముందుగా నీకు రాస్తాను. నువ్వు పొగ కనిపెట్టే ఉద్యోగంలో ఉన్నావు కనక ఈ మాట నీకు చెప్పడం న్యాయం. అక్కడ పొగ కనబడితే ఎన్ని నిమిషాల్లో చెప్పాలి, మంటలార్పే జట్టు ఊట గట్టు చేరడానికి ఎంతసేపు పడుతుంది, రాసి పంపు.

అమ్మమ్మ


గద్ద కొండ టవరు
జూన్ 20

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి వెంటనే పొయ్యిలో పెట్టేశాను. మా అడవి ఆఫీసరు హాల్వర్‌సన్ గారు చూస్తే ఏమవుతుందో ఆలోచించావా? ఆయన వారానికోసారి జీపులో వస్తారు. నా అరలన్నీ ఆయనకు కనిపిస్తాయి. ఈ గది నాలుగు పక్కలా అద్దాలే.

ఈ ఉద్యోగం మన లోయ అమ్మాయికి రావడం ఇదే మొదటిసారి. చేరిన రోజు ఆయన, "మీ వాళ్ళ చూపు చాలా పదునంట కదా?" అన్నారు. "మా వాళ్ళది కాదండీ, నాది" అన్నాను. ఆ మాటకే ఉద్యోగం ఇచ్చారనుకుంటాను.

నాకు ఇక్కడ చాలా నచ్చింది. గది మధ్యలో గుండ్రటి బల్ల, దాని మీద లోయ పటం, పటం మీద తిప్పే చూపు గొట్టం. గంటకోసారి నాలుగు దిక్కులా చూసి పుస్తకంలో రాస్తాను. పొద్దున్నే ఈల్ నది మీద మంచు తెల్లగా పరుచుకుంటుంది. మొదటి వారం దాన్ని పొగ అనుకుని రెండుసార్లు రేడియోలో చెప్పాను. రెండుసార్లూ నవ్వారు.

నువ్వు అడిగావు కనక చెబుతున్నాను. పొగ కనిపించిన రెండు నిమిషాల్లో చెప్పాలి. జట్టు ఊట గట్టుకు రావడానికి గంటా నలభై నిమిషాలు. ఇవి చెప్పానని ఎవరితోనూ అనకు. అసలు ఆ పనే చేయకు. నువ్వు కాలిస్తే నేను నిన్ను పట్టివ్వాలి, లేదా నా పుస్తకంలో అబద్ధం రాయాలి. రెండూ నాకు చేతకావు.

నీ లియోటా


కొవెలో
జూలై 7, సోమవారం

లియోటా,

ఉత్తరాలు కాల్చకూడదు. కాల్చవలసినవి వేరే ఉన్నాయి.

నువ్వు భయపడేంత ఏమీ లేదు. మంట గట్టు పైఅంచున పెడతాను. నేల లోపల తడి ఉంటుంది. గాలికి ఎదురుగా, కిందికి, మెల్లగా దిగుతుంది. మోకాలి ఎత్తు దాటదు. 1930లో నలభై ఎనిమిది నిమిషాలు పట్టిందని పుస్తకంలో ఉంది. జట్టుకు గంటా నలభై. వాళ్ళు వచ్చేసరికి బూడిద చల్లారుతుంది. నువ్వు పొగ చూసిన వెంటనే చెప్పు. నాది కదా అని ఒక్క నిమిషం కూడా ఆగకు. నీ పనీ అవుతుంది, నా పనీ అవుతుంది, అబద్ధం అవసరం రాదు.

ఈ ఏడు వెస్లీ నదిలో గాలమేసి అరవై నాలుగు ఈల్ చేపలు లాగాడు. యాభై పొగబెట్టాం, పదకొండు తిన్నాం, మూడు ఆర్లో కుక్క తీసుకుపోయింది. నీ వాటాగా ఆరు జీపులో పంపుతున్నాను. హాల్వర్‌సన్‌కు ఒకటి ఇవ్వు. రెండు ఇవ్వకు.

అమ్మమ్మ


గద్ద కొండ టవరు
సెప్టెంబరు 16

అమ్మమ్మా,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. వాటిని కాల్చలేదు.

శుక్రవారం, పన్నెండో తారీఖు, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఊట గట్టు మీద పొగ కనిపించింది. తెల్లగా, నేలను అంటుకుని, తొందరలేకుండా ఉంది. పిడుగు పడిన మంట అలా ఉండదు, నిలువుగా లేస్తుంది. ఇది మన పొగ అనుకున్నాను. నీ పొగ అనుకున్నాను.

రేడియో చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టాను. అమ్మమ్మ పని పూర్తికానీ, నలభై ఎనిమిది నిమిషాలే కదా అనుకున్నాను. నువ్వు ఆగవద్దని రాశావు. అయినా ఆగాను. జైలు అంటే పెద్దాళ్ళకు ఎలా ఉంటుందో ఆలోచిస్తూ కూర్చున్నాను. రెండు ఇరవై ఒకటికి పొగ గోధుమ రంగుకు తిరిగి ఒక్కసారి పైకి లేచింది. అప్పుడు చెప్పాను.

అది నువ్వు కాదు. పట్నం నుంచి జింకల వేటకొచ్చిన ఇద్దరు ఊట దగ్గర వంట చేసుకుని, మంట సరిగా ఆర్పకుండా వెళ్ళారు. సాయంత్రానికి ఆర్పేశారు. మనుషులకేమీ కాలేదు. తొమ్మిది ఎకరాలు పోయాయి. హేజెల్ పొదల దాకా రాలేదు కానీ, పైన ఉన్న మన టాన్ ఓక్ చెట్లు నాలుగు కాలిపోయాయి.

నా పుస్తకంలో "పొగ కనిపించిన సమయం 2:21" అని రాశాను. ఆ పదకొండు నిమిషాల సంగతి ఎవరికీ తెలియదు. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

లియోటా


కొవెలో
సెప్టెంబరు 19, శుక్రవారం

లియోటా,

నేను తేదీ రాశానా? రాయలేదు. వాన పడిందా? పడలేదు. సెప్టెంబరు పన్నెండున, ఎండు గడ్డిలో, ఎవరైనా హేజెల్ కాలుస్తారా? అలా కాల్చేవాళ్ళు మా అమ్మ కడుపున పుట్టలేదు. ముందుగా రాయకుండా నేను ఏ పనైనా చేయగా నువ్వు ఎప్పుడు చూశావు? శుక్రవారం నేను రోజంతా ఇంట్లో కూర్చుని నిరుటి ఓక్ గింజలు వలుస్తున్నాను.

నిన్న వెస్లీతో వెళ్ళి చూశాను. నాలుగు చెట్లలో రెండు మొదలు నుంచి మళ్ళీ చిగురించవచ్చు. రెండు లేవవు. లేవని వాటిలో ఒకటి మా అమ్మ పుట్టకముందే కాసేది. ఆ నాలుగింటి కింద మనం ఏటా ఆరు వీపు బుట్టల గింజలు ఏరుకునేవాళ్ళం. ఈ చలికాలం ఆరు బుట్టలు తక్కువ. ఆరు బుట్టలంటే మన ఇంటికి జనవరి, ఫిబ్రవరి తిండి.

కాలిపోయినవి తిరిగి తేలేము. రాసిన అబద్ధం తీసేయవచ్చు. పుస్తకంలో 2:21 కొట్టేసి 2:10 రాయి. కొట్టేసినది కనబడేటట్టు ఒకే గీత గీయి. పక్కన సంతకం పెట్టు. తర్వాత హాల్వర్‌సన్‌కు నువ్వే చెప్పు. ఉద్యోగం పోతే పోతుంది.

అమ్మమ్మ


గద్ద కొండ టవరు
సెప్టెంబరు 24

అమ్మమ్మా,

దిద్దుతాను. కానీ ముందు ఒక మాట.

శుక్రవారం నువ్వు రోజంతా ఇంట్లో ఉన్నావా? పొద్దున పది ఇరవైకి ఊట దగ్గర బాట చివర ఒక నీలం ట్రక్కు ఆగి ఉంది. ఎడమవైపు తలుపు తెలుపు. లోయలో అలాంటి ట్రక్కు ఒకటే ఉంది, ఆ తలుపు నువ్వు 1954లో కంచెకు గుద్దాక వెస్లీ వేరే బండిది తెచ్చి బిగించాడు. పదకొండు పదిహేనుకు అది కదిలింది. ఆ రెండు సమయాలూ నేను పుస్తకంలో రాయలేదు. మొన్నటి ఉత్తరంలో నీకూ రాయలేదు.

నేను ఊరికే ఆగలేదు. ట్రక్కును చూసి ఆగాను.

నా పుస్తకం నేను దిద్దుతాను. నీ పుస్తకంలో పన్నెండో తారీఖున ఏముందో ఒకసారి చూడు.

లియోటా


కొవెలో
సెప్టెంబరు 29, సోమవారం

లియోటా,

చూశాను. "పన్నెండు, శుక్రవారం: గింజలు వలిచాను" అని ఉంది. మధ్యాహ్నం నుంచి వలిచిన మాట నిజం. పొద్దుటి సంగతి నేను రాయలేదు. ఇప్పుడు రాశాను. అదే నీకూ రాస్తున్నాను.

ఆ రోజు లేచేసరికి బొటనవేలు మడవలేదు. నీళ్ళ కూజా పట్టుకుంటే జారింది. వాన అక్టోబరులో రావచ్చు, నవంబరులో రావచ్చు. వేలు వానకోసం ఆగుతుందా అనిపించింది. అగ్గిపెట్టె తీసుకుని వెళ్ళాను. గట్టు పైఅంచున నిలబడి గాలి చూశాను. ఉత్తరం నుంచి, పొడిగా ఉంది. గడ్డి చేత్తో నలిపితే పొడి అయింది. మా అమ్మ అయితే అంతదూరం వచ్చేదే కాదు. ముప్పావు గంట అక్కడే కూర్చుని తిరిగి వచ్చాను. పుల్ల గీయలేదు.

ఇంకొకటి ఉంది. ఆ వేటగాళ్ళు ఇద్దరినీ నేను చూశాను. కాఫీ కాచుకుంటున్నారు. "మంట ఆర్పి మరీ వెళ్ళండి, నీళ్ళు పోసి కలియబెట్టాలి" అన్నాను. "అలాగే బామ్మగారూ" అన్నారు. ఒకడు నా చేతిలోకి చూసి, "మీకూ కాఫీ కావాలా, అగ్గిపెట్టె తెచ్చుకున్నారు?" అన్నాడు. వేరే రోజైతే వాళ్ళు నీళ్ళు పోసేదాకా అక్కడినుంచి కదిలేదాన్ని కాదు. ఆ రోజు అగ్గిపెట్టె నా చేతిలో ఉంది కనక త్వరగా వచ్చేశాను.

నిన్ను నేను తిట్టిన ఉత్తరం అలాగే ఉంచు. దాని వెనక ఈ ఉత్తరం పెట్టు. గురువారం నేను అడవి ఆఫీసుకు వెళ్తున్నాను. నా కోసం ఆగకుండా నువ్వు దిద్దు.

అమ్మమ్మ


గద్ద కొండ టవరు
అక్టోబరు 4

అమ్మమ్మా,

నువ్వు చెప్పినట్టే ఒకే గీత గీశాను. 2:21 బాగా కనబడుతోంది. ట్రక్కు వచ్చిన సమయం, వెళ్ళిన సమయం కూడా రాశాను.

నిన్న హాల్వర్‌సన్ గారు జీపు దిగి మెట్లన్నీ ఎక్కి వచ్చారు. నేను పుస్తకం తెరిచి ఇచ్చి, చెప్పవలసినదంతా చెప్పాను. ఆయన చాలాసేపు చదివారు. ఉన్నవి మూడు వరుసలే.

తర్వాత, "మీ అమ్మమ్మగారు నిన్న మా ఆఫీసుకి వచ్చారు" అన్నారు.

"ఏమన్నారండీ?"

"ఏమన్నారా? కూర్చోమంటే కూర్చోలేదు. నన్ను కూర్చోమన్నారు. ముప్పై ఏళ్ళ లెక్క చదివారు. ఏ ఏడు ఎన్ని పుల్లలు, ఎన్ని తిన్నగా, ఎన్ని వంకర. మధ్యలో ఫోన్ మోగితే 'ఉండనివ్వండి' అన్నారు. ఉండనిచ్చాను."

"తర్వాత?"

"'ఆ పిల్ల ఆగిన పదకొండు నిమిషాలు నావి, నా పేరు మీద రాసుకోండి' అన్నారు. అలా రాసుకునే కాగితం మా దగ్గర లేదండీ అన్నాను. 'మీ ఆఫీసులో ఇన్ని కాగితాలున్నాయి, అదొక్కటీ లేదా?' అన్నారు." ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు. "ఊట గట్టు మళ్ళీ కాలుస్తానని కూడా చెప్పారు. ఎప్పుడని అడిగితే, అది వాన చెప్పాలి అన్నారు."

"మీరేమన్నారు?"

"పొగ లేస్తే మీ మనవరాలు చెప్పాలి, నేను రావాలి, కోర్టు సమన్లు ఇవ్వాలి అన్నాను. 'రండి' అన్నారు. భోజనానికి పిలిచినట్టు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఈ నెలాఖరుదాకా నన్ను ఉంచుతారట. వచ్చే వేసవికి పిలవరు. "నీ చూపులో తప్పు లేదు. కానీ ఆగే మనిషిని ఇక్కడ పెట్టలేను" అన్నారు. నేను వాదించలేదు. ఆయన చెప్పింది నిజమే.

జీపు వెళ్ళాక నాలుగు దిక్కులూ చూసి రాశాను. ఇలా చూసేది ఇంక ఇరవై ఏడు రోజులు. ఏడవలేదని రాయాలనుకున్నాను కానీ, ఉత్తరాలు కూడా దిద్దవలసి వస్తుందని మానేశాను.

లియోటా


కొవెలో
అక్టోబరు 15, బుధవారం

లియోటా,

నిన్న వాన పడింది. ముప్పావు అంగుళం. రెండు వేళ్ళ లోతున నేల తడిగా ఉంది, పైన ఆకు ఆరుతోంది. శనివారం, పద్దెనిమిదో తారీఖు, పొద్దున పది గంటలకు. ఇది శుక్రవారం జీపులో నీకు అందుతుంది. హాల్వర్‌సన్‌కు కూడా ఇదే రాశాను.

అమ్మమ్మ


గద్ద కొండ టవరు
అక్టోబరు 18

అమ్మమ్మా,

పది గంటల నాలుగు నిమిషాలకు పొగ కనిపించింది. పది అయిదుకు చెప్పాను. ఆగలేదు.

"ఎవరు పెట్టారో ఏమైనా తెలుసా?" అని రేడియోలో అడిగారు.

"తెలుసు. మా అమ్మమ్మ."

తర్వాత, "వయసు?" అన్నారు.

"డెబ్బై ఒకటి."

"పారిపోయే అవకాశం ఉందా?"

"లేదండీ. మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది."

చెప్పేశాక చూడటం తప్ప పని లేదు కనక చూశాను. నేను ఇక్కడినుంచి ఈ వేసవంతా పందొమ్మిది పొగలు చూశాను. అవన్నీ ఎక్కడికో పోవాలని తొందరపడినవే. ఇది తెల్లగా, గట్టు వెడల్పునా ఒకే వరుసగా, బరువు మోసే మనిషి వాలులో అడుగు చూసుకుని దిగినట్టు దిగింది. పది యాభైకి కింది అంచు చేరి పలచబడింది. అప్పుడు నేను బల్ల దగ్గర ఉండవలసింది కాదు, నీ పక్కన ఉండవలసింది అనిపించింది. అక్కడ ఏం జరిగిందో అంతా రాయి.

లియోటా


కొవెలో
అక్టోబరు 20, సోమవారం

లియోటా,

జరిగింది అడిగావు కనకా, ఇకపై జరగవలసింది నీకు తెలియాలి కనకా రాస్తున్నాను.

పదింటికి పొదలతో చెప్పవలసిన మాట చెప్పాను. పుల్ల గీస్తే మూడుసార్లు వేలు జారింది. నాలుగోది ఆర్లో గీసి ఇచ్చాడు. "డెబ్బై ఏళ్ళుగా మీ వైలాకీ వాళ్ళ మంటలు చూస్తున్నా, నన్ను పిలిచింది ఇదే మొదలు" అన్నాడు. "పిలవలేదు, నువ్వే వచ్చావు" అన్నాను. మంట పైనుంచి కిందికి నలభై ఆరు నిమిషాల్లో దిగింది. ఎక్కడా మోకాలు దాటలేదు. కాలకుండా మిగిలినవి రెండు పొదలు.

జట్టు పదకొండు నలభైకి వచ్చింది. ఆరుగురు. నువ్వు చెప్పినప్పటినుంచి గంటా ముప్పై అయిదు నిమిషాలు, అంటే అయిదు నిమిషాలు ముందుగా. వాళ్ళు గంటసేపు బూడిద కెలికారు. చేతికి వెచ్చగా తగిలింది ఒక్కచోట, అది ఆర్లో పొగాకు పైపు దులిపిన చోటు. ఓక్ గింజల జావ తెచ్చాను, అందరూ తాగారు. ఒకడు ఉప్పు తక్కువన్నాడు. అందులో ఉప్పు వేయరని చెప్పాను. హాల్వర్‌సన్ సమన్లు ఇచ్చి, సంతకం పెట్టించుకుని, జావ రెండోసారి అడిగాడు.

నువ్వు ఒక నిమిషంలో చెప్పావని ఆయన చూపించాడు. చాలాసేపు ఆ అంకె చూశాను. నా పుస్తకంలోకి ఎక్కించాను. ఆయన నిన్ను వచ్చే ఏడు పిలుస్తాడేమోనని అడగలేదు. అడిగితే నీ గౌరవం తగ్గేది.

ఇక జరగవలసినవి:

1. నవంబరు 1న నువ్వు కొండ దిగుతావు. రెండో తారీఖు నుంచి మిగిలిన టాన్ ఓక్‌ల కింద గింజలు ఏరాలి. మొదట రాలినవి పురుగువి, ముట్టుకోకు. ఆరు బుట్టల లోటు ఎంత పూడితే అంత.

2. నవంబరు 12న నేను కోర్టుకు వెళ్తాను. అగ్గిపుల్ల ఎవరు గీశారని అడగకపోతే చెప్పను. అడిగితే చెబుతాను. పది రోజులు జైలు వేస్తే కోళ్ళు వెస్లీవి, ఓక్ పిండి చేదు పోయేదాకా నీళ్ళు పోయడం నీది.

3. మార్చిలోపు వెస్లీ గట్టు చుట్టూ కంచె వేయాలి. కొత్త చిగురంటే పశువులకు మహా ఇష్టం.

4. 1959 వసంతంలో ఏమీ కోయకూడదు. తిన్నగా లేచినవి చూసి కోయాలనిపిస్తుంది. చేతులు జేబుల్లో పెట్టుకో.

5. 1960 ఏప్రిల్ చివర, బెరడు ఊడి వచ్చే పది పన్నెండు రోజుల్లో, నువ్వు కోస్తావు. నూట అరవై చాలు, కానీ రెండు వందలు కోయి. కొత్త చేయి నలభై పాడుచేస్తుంది. నేను పక్కన కూర్చుని వేరుచేస్తాను. బెరడు పళ్ళతో మొదలుపెట్టి లాగాలి, కత్తితో కాదు.

6. నువ్వు అల్లే మొదటి బుట్ట వంకరగా వస్తుంది. వంకర అనే రాస్తాను. విప్పి మళ్ళీ అల్లాలి.

7. 1962లో మొదటి వాన తర్వాత ఊట గట్టు మళ్ళీ కాల్చాలి. అప్పటికి నా వేలు దేనికీ పనికిరాదు. నిప్పు నువ్వు పెట్టాలి. టవరులో అప్పుడు ఏ అమ్మాయి కూర్చుని ఉన్నా, ఏ రోజు, ఏ గంటకో ఆమెకు ముందుగా ఉత్తరం రాయి.